ఇక హెన్నింగ్ వంతు

"అయిపోయిందా?" గుమ్మంలోనే అడిగింది టూవా.

"అయిపోయింది." హెన్నింగ్ మంచు బూట్లు విప్పి, కాళ్లు ఎడంగా వేస్తూ సోఫా దాకా నడిచాడు.

ఆమె ఫ్రీజర్లోంచి బఠాణీల సంచి తీసి, తువాలు చుట్టి, వాపు తగ్గుతుందని అతని ఒళ్లో పెట్టింది. "దాల్చినచెక్క బన్ను వాసనొస్తోందేంటి? ఆపరేషన్ చేసి టిఫిన్ కూడా పెట్టారా?"

"కళ్లు తిరుగుతాయని పెట్టారు."

"నేను కారులో దింపుతానంటే వద్దన్నావు. నా దగ్గర సిగ్గేంటి?"

"పన్నెండేళ్లు నువ్వొక్కదానివే మాత్రలు మింగావు. దీనికి నేనొక్కణ్ణే వెళ్లొద్దూ?"

ఆమె వంగి అతని నుదుట ముద్దు పెట్టింది.

లూలియో రేవులో మంచు పగలగొట్టే ఓడ నడుపుతుంది టూవా. అతను పసిపిల్లల బడిలో టీచరు. ఇంట్లో అన్నీ సగం సగం. గిన్నెలు, బట్టలు, మెట్ల మీద మంచు తొయ్యడం, అన్నిటి వంతులూ ఫ్రిజ్ మీది పట్టీలో ఉంటాయి. మాత్రలు తెచ్చే తలనొప్పి భరించలేక ఆమె దాని అడుగున ఇంకో గడి గీసింది. 'పిల్లలు పుట్టకుండా చూడటం: ఇక హెన్నింగ్ వంతు.'

"నీకు పిల్లలు కావాలనుంటే ఇప్పుడే చెప్పెయ్," అని ఆ రోజు అడిగింది కూడా.

"చెబితే?"

"విడిపోదాం. అయినా రోజూ పద్దెనిమిది మంది ముక్కులు తుడుస్తావు, ఇంకా తనివి తీరలేదా?"

అతను నవ్వేశాడు. అటక మీది తాతగారి ఉయ్యాలను మాత్రం, అమ్మేద్దామని ఆమె అన్నప్పుడల్లా, 'వచ్చే వారం చూద్దాం' అనేవాడు.

ఫిబ్రవరిలో అడిగింది, "ఆపరేషన్ పనిచేసిందో లేదో చూసే పరీక్ష ఫలితం వచ్చిందా?"

"వచ్చింది. ఇక భయం లేదు."

మిగిలిన మాత్రలు ఆ పూటే చెత్తబుట్టలో పడ్డాయి.

మే నెలలో రేవులో మంచు కరిగింది. ఆ రోజు టూవా వచ్చి, కోటు విప్పకుండానే కూర్చుంది.

"హెన్నింగ్, నాకు నెల తప్పింది."

అతని మొహం వెలిగింది. ఏదో చెప్పబోయాడు.

"ఆగు, ముందు నన్ను చెప్పనీ. మా ఓడ ఇంజినీరు రాగ్నర్... ఒక్కసారే. మార్చిలో, తుఫానులో ఇరుక్కున్నప్పుడు. నీ బిడ్డ కాదని నీకెలాగూ తెలుసు. అబద్ధమాడి ఏం లాభం?"

"టూవా..."

"తిట్టు, పడతాను. ఈ మధ్య నాకూ బిడ్డ కావాలనిపించింది. నీతోనే కనాలనిపించింది. ఏ మొహం పెట్టుకుని చెప్పను? ఆ తలుపు నీ చేత నేనే మూయించానుగా. రాగ్నర్ రమ్మంటున్నాడు. వెళ్తున్నాను."

గుమ్మం దగ్గర ఒక్కసారి వెనక్కి తిరిగింది. కళ్లు నిండి ఉన్నాయి.

"నువ్వు మంచోడివి. నా కోసం ఒళ్లు కోయించుకున్నావు."

కారు కదిలింది. హెన్నింగ్ మెట్ల దాకా వెళ్లి ఆగిపోయాడు.

ఆపరేషన్ రోజున అతను ఆస్పత్రికి వెళ్లనే లేదు.