రెండో అర్థం

“మెల్ట్ అంటే ఐస్ కరగడం ఒక్కటే కాదు, ఏసోబుగారూ. ఇప్పటికి నాలుగోసారి చెబుతున్నాను,” అంది రత్నకుమారి, నోటుబుక్కు వెనక్కి తోస్తూ.

ఏలూరు జైల్లో ఓపెన్ స్కూల్ పదో తరగతి రాసే ఖైదీలకు ఇంగ్లీషు చెప్పడానికి ఆమె ప్రతి శనివారం తాడేపల్లిగూడెం నుంచి బస్సులో వస్తోంది. జీతం లేదు. ఈ జైలే కావాలని తానే అడిగి తీసుకున్న పని. మిగతావాళ్లు పాఠం ముగించుకుని వెళ్లిపోయారు. ఏసోబు ఒక్కడే మిగిలాడు. యాభై దాటినవాడు. కొల్లేరు చేపల చెరువులకు ఐస్ లారీ తోలేవాడు.

పుస్తకంలో మూడు వాక్యాలున్నాయి. ఐస్ కరుగుతుంది, వెన్న కరుగుతుంది, కొవ్వొత్తి కరుగుతుంది.

“మనసు కరగడం మీద ఒక్కటి రాయమన్నాను కదండీ. పరీక్షలో రెండర్థాలూ అడుగుతారు.”

“నాకు ఐసే తెలుసండి మేడమ్. ఆ రెండోది నా వల్ల కాదండి.”

“ఎందుకు కాదు? తెలుగులోనూ అంటాం కదా. ఎవరి కష్టమైనా చూసి మీ మనసెప్పుడూ కరగలేదా?”

అతను నోటుబుక్కు మూసేయబోయాడు. ఆమెకు విసుగు ముంచుకొచ్చింది. ఎనిమిది శనివారాలుగా ఇదే వరస. ఎటు తిప్పి అడిగినా తన గురించి ఒక్క ముక్క రాయడు.

“కరగకపోతే కరగలేదనే రాయండి. అదీ వాక్యమే,” అంది కటువుగా.

ఏసోబు పెన్సిల్ తీసుకున్నాడు. వంకర ఇంగ్లీషు అక్షరాలతో రెండు లైన్లు రాశాడు. అర్థం చెప్పమంది.

“ఐస్ కరిగిపోతోంది. నా మనసు కరగలేదు. నేను ఆపలేదు,” అన్నాడు తల దించుకుని. “ఆకివీడు రోడ్డండి, మిట్టమధ్యాహ్నం. సైకిలాయన్ని గుద్దేశాను. అద్దంలో చూశానండి, చెయ్యెత్తాడు. అవతల చెరువు గట్టు మీద చేపలు పట్టేసి ఉన్నాయి, ఐస్ నీరైపోతే ఓనరు ఊరుకోడని తోలేశాను. అప్పుడే ఆస్పత్రికి తీసుకెళ్లుంటే బతికేవాడంటండి. చెయ్యెత్తిన సంగతి కోర్టులో కూడా చెప్పలేదండి.”

రత్నకుమారి నోటుబుక్కు తన వైపు లాక్కుంది. బయట గంట కొట్టారు. అప్పుడు పెన్సిల్ అందుకుని, ‘స్టాప్డ్’ కొట్టేసి ‘స్టాప్’ అని దిద్దింది.

“‘డిడ్ నాట్’ తర్వాత ఇలా రాయాలి.”

“వచ్చే శనివారం వస్తారాండీ?”

“వస్తాను,” అంది, నోటుబుక్కు అతని వైపు తోస్తూ.

ఆ సైకిలు ఆమె భర్తది.