ఉత్తుత్తి గడి

“ముట్టుకోకండి బాబాయ్! ఇప్పుడే ఇరవైకి తెచ్చాను,” అంది అక్క, తెర మీంచి కళ్లు తిప్పకుండానే.

గోడకున్న ఏసీ మీట దాకా వెళ్లిన బాబాయ్ చెయ్యి వెనక్కి వచ్చేసింది. ఎండాకాలంలో కూడా స్వెటర్ విప్పని మనిషి ఆయన. ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం ఆయన ఉద్యోగం. ఆ ఆఫీసు గదిలో వయసుకి పెద్ద కాబట్టి ఆయన అందరికీ బాబాయ్, పనిలో పెద్ద కాబట్టి ఆవిడ అందరికీ అక్క. మీట దగ్గర మాత్రం ఇద్దరూ ఉప్పూ నిప్పూ. వీళ్ల పోరు పడలేకే మేనేజరు ఆ గుండ్రటి మీటను ప్రత్యేకంగా ఈ గదికి పెట్టించాడు. దాంతో పోరు ఇంకా ముదిరింది.

“ఇరవైలో కూరగాయలుంటాయి అమ్మాయ్, మనుషులుండరు.”

“ఇరవై నాలుగులో నా బుర్ర ఉండదు. సాయంత్రానికి ఇది నడవకపోతే మనకి ఈ గదే ఉండదు.”

అదీ నిజమే. ఒక పాల ఫ్యాక్టరీ వాళ్ల ముసలి ప్రోగ్రాము అక్క నెత్తిన పడింది. అది పుట్టి పెరిగిన కంప్యూటరు కాలం చేసింది. కొత్త కంప్యూటర్లో, ఇంకా బోలెడు ప్రోగ్రాముల పక్కన, వర్చువల్ మెషీన్ అనే ఉత్తుత్తి కంప్యూటరు ఒకటి కట్టి, అందులో దీని చేత కాపురం పెట్టించాలి. సాయంత్రం ఫ్యాక్టరీ వాళ్లు చూడ్డానికొస్తున్నారు. మెచ్చితే పనంతా వీళ్లకే. లేకపోతే గదికి తాళం, మనుషులు తలో దిక్కు.

మేనేజరు మాటిమాటికీ వచ్చి తొంగిచూస్తున్నాడు.

“ఏమంటోందమ్మా ముసలిది?”

“ప్రాసెసర్ రిజిస్టర్లు నా చేతికిస్తేనే కాపురానికొస్తానంటోంది సార్.”

“ఇచ్చెయ్యరాదూ?”

“ఎలా ఇస్తాను? ప్రాసెసర్ లోపలి గడులవి. అది ఎంత వేగంతో నడవాలో వాటిల్లో ఉన్న అంకెలే చెప్తాయి. ఇది ఇష్టమొచ్చిన అంకె రాసిందంటే పక్క ప్రోగ్రాములన్నీ కూలబడతాయి. ఇవ్వకపోతేనేమో ఇది అలిగి పడుకుంటోంది.”

“కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం,” అని నిట్టూర్చాడు మేనేజరు. ఆ బాధ ఆయనకి కొత్త కాదు.

భోజనాలయ్యాక అక్క లేచి మీటను పద్దెనిమిదికి తిప్పింది. టక్కుమంది. “హమ్మయ్య! ప్రాణం లేచొచ్చింది,” అంటూ కూర్చుంది. బాబాయ్ ముక్కు చీది, మెడకి మఫ్లర్ చుట్టుకున్నాడు. చల్లగా ఉంటే చాలు, అక్క బుర్ర పాదరసమే. కాసేపటికల్లా కేక పెట్టింది.

“నడిచింది సార్!”

మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. “రిజిస్టరు ఇచ్చేశావా?”

“ఉత్తుత్తి గడి ఒకటి చేసిచ్చాను. ఏ అంకె రాస్తే, మళ్లీ చూసినప్పుడు అదే కనిపిస్తుంది. అసలు ప్రాసెసర్‌కి ఆ సంగతే తెలీదు.”

“దీనికి అనుమానం రాదూ?”

“ఎందుకొస్తుంది సార్? తను పెట్టిన అంకె తనకి కనబడుతోంది. పెత్తనమంతా తనదే అనుకుంటుంది. దానికి తృప్తి, మనకి ప్రశాంతత.”

మేనేజరు ఎందుకో దగ్గాడు. “పాపం కదమ్మా?”

“పిచ్చి మొహంది, దానికేం తెలుస్తుంది!” అక్క పకపకా నవ్వింది. బాబాయ్ కూడా నవ్వాడు. వాళ్లిద్దరూ ఒక్క మాటకి నవ్వడం ఆ గదిలో అదే మొదటిసారి.

ఫ్యాక్టరీ వాళ్లు వచ్చారు, చూశారు, పనంతా అప్పగించి వెళ్లారు. మేనేజరు ఆనందం పట్టలేకపోయాడు.

“ఏం కావాలో అడుగమ్మా! పై అంతస్తులో విడిగా గది ఇప్పించనా?”

“గదొద్దు సార్. ఆ మీట మీద హక్కు నాకొక్కదానికే ఇప్పించండి.”

మేనేజరు ముఖంలో నవ్వు ఆరిపోయింది. “ఇంకేదైనా కోరుకోరాదూ?”

“ఇంకేం వద్దు. దానికో పెట్టె బిగించి తాళం వేయించండి. తాళంచెవి నా దగ్గరుంటుంది.”

“బాగా ఆలోచించుకో తల్లీ. పై గది మళ్లీ మళ్లీ దొరకదు.”

“మాటిచ్చి వెనకాడతారేంటి సార్?”

బాబాయ్‌కి ఏడుపొక్కటే తక్కువ. “రేపట్నుంచి దుప్పటి తెచ్చుకుంటాను,” అన్నాడు.

మర్నాడు ఎలక్ట్రీషియన్ గాజు పెట్టె, డ్రిల్లు పట్టుకుని దిగాడు. అక్క ముందే మీటను పద్దెనిమిది మీద పెట్టి, కొత్త తాళంచెవిని మురిపెంగా చూసుకుంటోంది. బాబాయ్ దుప్పట్లో వణుకుతున్నాడు.

“సార్, గోడకి కన్నం పెడితే మీట వైరు తెగొచ్చు. ఎటు నుంచి వస్తోందో కాస్త చూపిస్తారా?” అన్నాడు ఎలక్ట్రీషియన్.

మేనేజరు అటూ ఇటూ చూసి, అతని చెవి దగ్గరికి వంగాడు.

“దానికి వైరే లేదయ్యా.”