నలగని నిమ్మకాయలు

ఆ ఉదయం ఆకాశం మబ్బు పట్టి, చినుకు రాల్చకుండా అలాగే ఉండిపోయింది. మనిషి నడిపే బండి మా మండలంలో ఒక్కటీ లేని రోజులవి. మావయ్య పెరట్లో కోళ్లు గుడ్లు పెట్టుకునే పాత పెట్రోలు కారును మా తోడల్లుడు గంగరాజు నెల రోజులు బాగుచేశాడు. దాన్ని మావయ్య ముందు నాకే ఇస్తానన్నాడు. ఆ తుక్కు నాకెందుకన్నాను. ఇప్పుడు మాత్రం అది కదలకూడదని కోరుకుంటూ నిలబడ్డాను.

మా ఆవిడ నాగరత్నం ఆ కారు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టింది. కిందటి నెల, తనంతట తానే నడిచే నా కొత్త బండికీ పెట్టింది. "దారిలో అడ్డంకి ఉంది, తొలగించండి" అని అది మొండికేసింది. కాయలు తీశాకే కదిలింది.

గంగరాజు తాళం తిప్పాడు. కారు రెండుసార్లు దగ్గి, పొగ వదిలి, నాలుగు కాయలనూ నలిపేసింది.

"ఎన్నేళ్లకి ఇన్నాను అల్లుడూ ఈ సప్పుడు," అన్నాడు మావయ్య గంగరాజుతో.

"పొలందాకా నా బండిలో రా మావయ్యా, చల్లగా ఉంటది," అన్నాను.

"నీ బండికి నిమ్మకాయంటేనే బయం గదయ్యా," అంటూ ఆయన గంగరాజు పక్కన కూర్చున్నాడు. నాగరత్నం కూడా అందులోనే ఎక్కింది. నేనొక్కణ్ణే నా బండెక్కాను. అది వాళ్ల పొగ వెనకాలే, తగినంత దూరం పాటిస్తూ నడిచింది.

మధ్యాహ్నం అందరం ఒకే వరసలో భోజనానికి కూర్చున్నాం. నాగరత్నం నా కంచంలో నిమ్మకాయ ఊరగాయ వేసింది. నా బండి నలపని ఆ నాలుగు కాయలనే కిందటి నెల ఊరేసింది. అది అందరికీ తెలుసు. అన్నంలో కలుపుకుని తిన్నాను.