తాటాకు కప్పు సందులు

ఒకే గూట్లో, ఒకే తాటాకు కప్పు కింద, పక్కపక్క బుట్టల్లో రెండు పెట్టలు గుడ్లు పొదుగుతున్నాయి. ఒకటి నల్లపెట్ట, రెండోది ఎర్రటి డేగపెట్ట. కిందటిసారి డేగపెట్ట పన్నెండు గుడ్లకు పన్నెండు పిల్లల్ని లేపింది. నల్లపెట్టకు దక్కినవి అయిదే. అది తలుచుకుంటే చాలు, నల్లపెట్టకు కడుపు మండిపోయేది.

"ఈసారి నా గుడ్లకే వెచ్చదనం ఎక్కువుండాలి" అనుకుని, మేతకు దిగినప్పుడల్లా గడ్డి ముక్కున కరుచుకొచ్చి, తన నెత్తిమీద కప్పులో ఉన్న సందులు పూడ్చడం మొదలుపెట్టింది.

చూరులో ఉండే ముసలి బల్లి చూసి ఊరుకోలేకపోయింది. "అమ్మాయ్, పగలంతా ఎండకు వేడెక్కిన గూడు చల్లబడేది ఆ సందుల్లోంచే. కొన్ని మూస్తే వెచ్చగా ఉంటుంది. అన్నీ మూస్తే గుడ్లు ఉడికిపోతాయి. నీవీ, దానివీ కూడా."

"నా వైపు నేను మూసుకుంటే నీకేంటి నొప్పి?" అంది నల్లపెట్ట.

అది చూసి డేగపెట్ట ఊరుకుంటుందా? తన వైపూ మూసేసింది.

వారం తిరిగేసరికి, ఎండ ఎప్పటి ఎండే గానీ గూడు మాత్రం కుంపటైపోయింది. రెండూ ముక్కులు తెరిచి రొప్పుతున్నాయి. అయినా ఒక్క గడ్డిపరక తీస్తే ఒట్టు.

"ముందు దాన్ని తియ్యమను" అని ఇదీ, "ముందు దాన్నే తియ్యమను" అని అదీ.

పొదిగే రోజులు నిండాయి. నల్లపెట్ట గుడ్లలో ఒక్కటీ కదల్లేదు. అది ఏడవలేదు. మెడ సాచి పక్క బుట్టలోకి తొంగిచూసింది. అక్కడా చప్పుడు లేదు.

"హమ్మయ్య" అంది నల్లపెట్ట.