దగ్గు వినే దర్వాజ

కోరుట్లలో ఇప్పుడు ఇంటింటి దర్వాజకూ దగ్గు వినే చెవి ఒకటి ఉంది. పసుపు దీపం వెలిగిందంటే క్షయ ఉన్నట్టు. బీడీలు చుడుతూ నర్సవ్వ దగ్గగానే అది వెలిగింది.

"తంబాకు ఘాటు, అంతే," అని దాన్ని కసిరింది. అయినా లేచి, తన గ్లాసుకు దారం కట్టి వేరే పెట్టుకుంది. ముప్ఫై ఏళ్ల కిందట, తనతోపాటు బీడీలు చుట్టే భర్త మల్లయ్యకు క్షయ వచ్చినప్పుడు ఆయన గ్లాసుకూ ఇలాగే కట్టింది.

దర్వాజ పంపిన కబురు అందుకుని, గంటలో నర్సు షాహీన్ మందుతో వచ్చింది. ముందు ఆ దారం విప్పేసింది.

"ఇది గ్లాసుతోని అంటదవ్వా, గాలితోని అంటుతది. ఎనుకటి లెక్క ఆర్నెల్లు కాదు, ఇప్పుడు నెల రోజులు మందేసుకుంటే పోతది."

"నాది తంబాకు దగ్గే బిడ్డా. గా డబ్బాకేం ఎరుక?"

"గా తేడా పట్టుడే దాని పని. ఎనుకట మన దవాఖానల బీడీలు చుట్టెటోళ్ల దగ్గులు, క్షయ ఉన్నోళ్లయి లేనోళ్లయి, రికార్డు చేసిండ్రు. గవి ఇనే ఇది నేర్చుకుంది."

నర్సవ్వకు ఆ దవాఖాన గుర్తొచ్చింది. ఆఖరి రోజుల్లో మల్లయ్య ఆయాసపడుతూనే, ఓ డాక్టరమ్మ పట్టుకున్న ఫోనులోకి పదే పదే దగ్గాడు. చావబోయే మనిషిని సతాయిస్తావా అని నర్సవ్వ ఆమెను తిట్టిపోసింది.

"నన్ను దగ్గనియ్యే. ఎవలకన్న పనికొస్తదట," అన్నాడాయన.

షాహీన్ వెళ్లాక నర్సవ్వ మందు వేసుకుని దర్వాజ ముందు నిలబడింది.

"ఉన్నన్ని రోజులు నా మాట ఒక్కటి ఇనకపోతివి," అంది దీపంతో. "ఇప్పుడు దగ్గు సుత ఇంటున్నవ్."