ఏడు వేల డెబ్బైని పట్టుకున్నదెవరు?

ఎనిమిదీ అయిదుకు బోర్డు మళ్లీ తెల్లమొహం వేసింది.

రూసె ఊళ్లో, రేవుకు ఎదురుగా ఉన్న ఆ మూడంతస్తుల ఆఫీసు పని ఒక్కటే. డాన్యూబ్ నదిలో ఈరోజు నీళ్లు ఎంత లోతు ఉన్నాయో సరుకు పడవల కెప్టెన్లకు తెర మీద చూపించడం. బోర్డు ఖాళీగా ఉంటే కెప్టెన్లు కదలరు. ఊరికే ఉండరు కూడా, ఫోన్లు చేసి తిడతారు. ఆ తిట్లన్నీ పెన్కా పిన్ని చెవిన పడతాయి. పాతికేళ్లుగా ఆవిడ ఫోన్ల దగ్గరే కూర్చుంది కాబట్టి, ఏ తిట్టు ఏ దేశానిదో సగం వినగానే చెప్పేస్తుంది.

ఆవిడ ఎదుటి బల్ల వెలిన్‌ది. బోర్డు ప్రోగ్రాం రాసింది అతనే. ఇంకొకడైతే ఆ సమయానికి తల పట్టుకునేవాడు. వెలిన్ మాత్రం కెటిల్లో రెండు కప్పుల నీళ్లు పోశాడు.

ఎందుకో ఆఫీసంతటికీ తెలుసు.

రోజూ ఎనిమిదికి ఆ ప్రోగ్రామును ఆపి, కొత్త కొలతలు ఎక్కించి, మళ్లీ లేపుతారు. అది బయటి లోకంతో మాట్లాడాలంటే సర్వర్‌లో 7070 నంబరు పోర్టు దానికి ఖాళీగా దొరకాలి. రైల్లో కిటికీ సీటు లాంటిదే, ఒకరు కూర్చుంటే ఇంకొకరికి లేదు. ఈమధ్య వారానికి రెండుసార్లు, ఆపిన ఆ రెండు నిమిషాల సందులో ఎవరో నడిపే ఇంకో ప్రోగ్రాం, అంటే ఒక ప్రాసెస్, వచ్చి అక్కడ తిష్ఠ వేస్తోంది.

ఎవరిదో వెలిన్‌కు తెలిసే దారి లేదు. మామూలు ఉద్యోగి కమాండ్ కొడితే ఆ సర్వర్‌లో పోర్టు నిండి ఉందని మాత్రమే కనబడుతుంది. దాన్ని నడుపుతున్నవారి పేరుండే యజమాని గడి ఖాళీగా ఉంటుంది. అది నిండాలంటే సర్వర్ మొత్తాన్నీ తెరిచి చూడగలిగే రూట్ అధికారం కావాలి. ఆ అధికారం ఉన్నది పై అంతస్తులో, సర్వర్లు చూసుకునే జ్లాతినాకు.

జ్లాతినా దిగి వస్తుంది. వెలిన్ కుర్చీలో కూర్చుని, కమాండ్ కొట్టి, తెర వైపు ఒక్క చూపు చూసి, ఆ ప్రాసెస్‌ను చంపేస్తుంది. ఎవరిదని అడిగితే, ఎవరో మరచిపోయి వదిలేశారని, పేరు చెప్పి ఒకరి పరువు తీయడం తనకు ఇష్టం లేదని అంటుంది. రెండు నిమిషాల పని. ఆ తర్వాత నలభై నిమిషాలు లిండెన్ పూల టీ.

ఆ నలభై నిమిషాల్లో వెలిన్ ధైర్యం చేసి మాట్లాడేది నీటిమట్టాల గురించే. స్విష్తోవ్ దగ్గర నాలుగు సెంటీమీటర్లు తగ్గిందంటాడు. ఆమె అయ్యో పాపం అంటుంది. ఇంటికి వెళ్లాక తన నెత్తి తానే మొట్టుకుంటాడు.

"ఒప్పేసుకోరా," అంది పెన్కా పిన్ని, ఫోను అరచేత్తో మూసి. "పిల్ల కోసం పడవలు ఆపినవాణ్ణి ఈ రేవులో నిన్నే చూశాను."

"నేను కాదు పిన్నీ. నాకే అంత తెలివి ఉంటే ఈపాటికి..."

"పెళ్లయిపోయేది. తెలుసు."

అప్పుడే మానోలొవ్ గారు వచ్చారు. ఆఫీసుకు పెద్ద ఆయనే. చేతిలో లక్క ముద్ర వేసిన కవరు ఉంది. అందులో రూట్ పాస్‌వర్డ్ రాసిన కాగితం ఉంటుంది. జ్లాతినాకు ఏదైనా అయితే తప్ప దాన్ని ఇనప్పెట్టెలోంచి తీయకూడదని నియమం. ఆయన ఆ ముద్రను బల్ల అంచుకు కొట్టి విరగ్గొట్టారు.

"పొద్దస్తమానం ఆ అమ్మాయిని మెట్లెక్కించి దించుతున్నారు. ఆవిడకు వేరే పని లేదా? ఇదిగో, ఇకనుంచి నువ్వే చూసుకో. ఆ యజమాని పేరు నాకిప్పుడే కావాలి. వాడెవడైనా సరే, రేపట్నుంచి ఎక్కడో దూరాన విదిన్ రేవులో నిలబడి కర్రతో నీళ్లు కొలుస్తాడు."

ఆ చివరి మాట అనేటప్పుడు ఆయన వెలిన్‌నే చూశారు.

రూట్ అధికారం వస్తుందంటే ప్రోగ్రామర్లు మొక్కులు మొక్కుకుంటారు. వెలిన్‌కు మాత్రం నోట్లో మన్ను పడినట్టయింది. పేరు తనే చూడగలిగితే జ్లాతినా ఇక ఎందుకు దిగుతుంది? ఈ కెటిల్ ఎందుకు, ఈ రెండో కప్పు ఎందుకు? అతనికి నిజంగానే ఏడుపొచ్చింది.

మానోలొవ్ గారు కిటికీ దగ్గరకు పోయి, ఫోనులో ఒక ఆస్ట్రియా కెప్టెన్‌ను బుజ్జగిస్తున్నారు. వెలిన్ పాస్‌వర్డ్ కొట్టాడు. కమాండ్ కొట్టాడు. చూశాడు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"ఏమయ్యా, ఎవడు వాడు?"

"తెలియడం లేదండీ. ఈ పాస్‌వర్డ్ పాతదైపోయినట్టుంది. లోపలికే పోనివ్వడం లేదు."

మానోలొవ్ గారు కవరునూ, కవర్లు దాచే పద్ధతి పెట్టినవాణ్ణీ కలిపి తిట్టుకుంటూ వెళ్లిపోయారు. ఆ పద్ధతి పెట్టింది ఆయనే.

పెన్కా పిన్ని ఏదో అనబోయి వెలిన్ ముఖం చూసి ఆగిపోయింది. ఇప్పటిదాకా ఏడవబోయినవాడు ముప్పైరెండు పళ్లూ బయటపెట్టి నవ్వుతున్నాడు. ఫోను తీసి పై అంతస్తుకు కలిపాడు.

"జ్లాతినా గారూ, మళ్లీ వచ్చింది. మా వల్ల కావడం లేదు, మీరే దిగాలి." గొంతు సవరించుకున్నాడు. "టీ సిద్ధంగా ఉంది. ఈరోజు నీటిమట్టాల గురించి మాట్లాడను."

అవతల ఫోను పెట్టేసిన చప్పుడు. తర్వాత మెట్ల మీద చెప్పుల చప్పుడు, రెండేసి మెట్లు ఒక్కసారిగా దిగుతున్నట్టు.

ఆమె గుమ్మం దాకా వచ్చేలోపు వెలిన్ తెర మీది అక్షరాలన్నీ చెరిపేశాడు, ఎందుకంటే అప్పటిదాకా ఆ యజమాని గడిలో జ్లాతినా పేరే ఉంది.