రెండో కోటు

కొండలెక్కే వాళ్ళ సామాన్లు అమ్మే దుకాణంలో బూట్లు తొడిగి చూసుకుంటూ కోడలు అత్తగారితో అంది. "బేరాలు మీకే చేతనవును అత్తయ్యా. చలికోట్లు మీరే తీయండి. మీ అబ్బాయికొకటి, ఆడవాళ్ళదొకటి. మనిద్దరి కొలతా ఒకటేగా, తొడుక్కుని చూడండి."

కొడుకు కోసం అత్తగారు కొట్టంతా గాలించింది. కుట్లు లాగి చూసింది, జిప్పు పైకీ కిందికీ నడిపింది. చివరికి ఈకలు కూరిన మందపాటి కోటు ఒకటి సగం ధరకు సాధించింది.

రెండోదానికి మాత్రం తగ్గింపు బుట్టలో చెయ్యి పెట్టి, అందింది లాగింది.

"అది కొండమీది చలికి ఆగదమ్మా," అన్నాడు దుకాణదారు.

"కోడలికేలే నాయనా. వయసులో ఉంది, ఓర్చుకుంటుంది," అంది గొంతు తగ్గించి.

ఇంటికి రాగానే కోడలు సంచీ విప్పి, ఆ పలచటి కోటు తీసి అత్తగారి భుజాల మీద కప్పింది.

"ఇది మీకే. ఈసారి మీరూ మాతో కొండకొస్తున్నారు. ముందే చెబితే నాకెందుకీ ఖర్చని మొండికేస్తారు. నాకు పాతది ఉందిగా, గట్టిది."

కోడలు ఆ గుడ్డను వేళ్ళతో నలిపి చూసి నవ్వింది.

"మీకేనని పసిగట్టేశారు కదూ? అందుకే ఇంత నాసిరకంది తీశారు. మీ సంగతి నాకు తెలీదా? నాది మీరు వేసుకోండి, ఇది నేను వేసుకుంటా."

అత్తగారు గోడమీది దేవుడి పటం వైపు చూడకుండా, కోడలు తెచ్చి పట్టుకున్న తన పాత మందపాటి కోటులో చేతులు దూర్చింది.

పలచటిది, ఆవిడ దుకాణంలో అనుకున్నట్టే, కోడలికి దక్కింది.